వాల్‌నట్ చెక్కకు ఐదు చిల్లులు

అత్తగారు అల్లుణ్ణి ఎదురుగా నిలబడి తిట్టకూడదని ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆ పెట్టినవాళ్ళ ఇంట్లో అల్లుడి చేతిలో డ్రిల్లింగ్ మిషన్ ఉండి ఉండదు. ఉండి ఉంటే ఈ ఆచారం పుట్టేదే కాదు.

మా పల్నాడులో నేను చిన్నప్పటి నుంచీ చూసింది ఏమిటంటే, అల్లుడు వసారాలో కూర్చుంటే అత్త వంటింట్లో ఉంటుంది. ఆయనతో ఏదైనా అనాలంటే కూతురితో అంటుంది. కూతురు ఇంట్లో లేకపోతే గేదెతో అంటుంది. "మేత వేసినోళ్ళు నీళ్ళు పెట్టాలని తెలియదా" అని గేదెను అడిగితే, అల్లుడు లేచి వెళ్ళి కుడితి తొట్టి నింపి వస్తాడు. మా అమ్మ మా ఆయన్ను బతికినన్నాళ్ళూ ఇలాగే నడిపించింది. ఒక్కసారి కూడా ఆయన మొహం చూసి మాట అనలేదు. మాట మాత్రం ఏదీ దారి తప్పలేదు.

ఐర్లండులో ఎన్నిస్ ఊరి బయట, మా అమ్మాయి వాళ్ళ ఇంట్లో నాకు గేదె ఎక్కడిది? అందుకని కుక్కరుతో అంటాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అల్లుడి మీద కోపం కుక్కరు మీద చూపడం నాకు అలవాటైపోయింది. ఇమ్మర్షన్ స్విచ్చి రాత్రంతా వేసి ఉంచి నీళ్ళు కాచిన రోజున "నీకేమమ్మా, కరెంటు మీ నాన్న తయారు చేస్తున్నాడు" అని కుక్కరును అడుగుతాను. అల్లుడు అది విని మెల్లగా వెళ్ళి స్విచ్చి ఆపేస్తాడు. మంచివాడే. ఇప్పుడు రాస్తున్న సంగతిలో తప్ప మంచివాడే.

సంగతి తుపాకీది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకునే మనిషికి తుపాకీ ఏమిటని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను, అందరికంటే గట్టిగా.

మా సందు చివర ఒక రైతు పెద్దాయన ఉంటాడు. భార్య పోయింది, పిల్లలు లేరు, కార్క్‌లో ఒక మేనకోడలు ఉందంటారు. మేము ఈ ఇంటికి వచ్చిన కొత్తలో వానకు మా కారు బురదలో దిగబడితే ట్రాక్టరు తెచ్చి లాగినవాడు ఆయనే. అప్పటి నుంచి ఆయనకూ మా అల్లుడికీ స్నేహం కుదిరింది. ఆదివారాలు మా అల్లుణ్ణి క్లబ్బుకు తీసుకుపోయేవాడు. అక్కడ మట్టి బిళ్ళల్ని గాలిలోకి ఎగరేస్తారు, వీళ్ళు షాట్‌గన్నుతో వాటిని పగలగొడతారు. వాటిని మట్టి పిట్టలంటారట. తినేదానికి పనికిరాని పిట్టల్ని తయారుచేసి మరీ కాల్చడం ఏమిటో నాకు అర్థం కాలేదు. కానీ మా అల్లుడు ఇంటికి వచ్చి నవ్వేవాడు. ఈ ఉద్యోగంలో చేరిన తర్వాత ఆ మనిషి అలా నవ్వడం నేను చూడలేదు. అందుకని నోరు మూసుకున్నాను.

తర్వాత పెద్దాయనకు చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకోలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. వాళ్ళ జీపీ డాక్టరు ఇక తుపాకీ వద్దన్నాడు. వాళ్ళ నాన్న కాలం నాటి తుపాకీ అది. ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలు, మిగతాదంతా వాల్‌నట్ చెక్క. దుకాణానికి అమ్మేయమన్నారట. ఆయనకు మనసొప్పలేదు. లైసెన్సు కాగితాలన్నీ పెట్టించి మా అల్లుడి పేరు మీద మార్పించాడు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి మా మెట్ల కింద గోడకు బిగించిన ఇనప్పెట్టెను లాగి చూసి, సరే అని పోయారు.

తుపాకీ ఇంటికి వచ్చిన రోజు మా అల్లుడు భోజనం దగ్గర కూర్చుని మా అమ్మాయితో చెప్పాడు. నేను చారు వడ్డిస్తూ విన్నాను.

"ఏమన్నాడో తెలుసా? ఇది నీకిచ్చెయ్యట్లేదు, నువ్వు దీన్ని చూసుకుంటున్నావంతే, అన్నాడు. జస్ట్ మైండింగ్ ఇట్ అన్నాడు."

నేను ఇంకో గరిటె చారు పోశాను. మా ఇళ్ళల్లో మెచ్చుకోవడం అంటే అదే.

అప్పటి నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. ఆదివారం చర్చి అయ్యాక పెద్దాయన మా ఇంటికి వస్తాడు. తుపాకీని బయటికి తియ్యరు. దానిలో ఎడమ చేత్తో గొట్టాల కింద పట్టుకునే చెక్క ఒకటి ఉంటుంది, వీళ్ళు ఫోరెండ్ అంటారు. అది చిన్న మీట నొక్కితే విడిగా ఊడి వస్తుంది. అదొక్కటీ ఊడదీసి, ఇనప్పెట్టె తాళం వేసి, గుడ్డలో పెట్టి మా అల్లుడు తెచ్చి ఆయన చేతిలో పెడతాడు. పెద్దాయన జేబులోంచి చిన్న డబ్బా తీస్తాడు. అవిసె నూనె. గుడ్డపీలికను అందులో ముంచి ఆ చెక్కకు పట్టిస్తాడు.

మొదటిసారి నేను నువ్వుల నూనె తెచ్చి ఇచ్చాను. వాసన చూసి నవ్వాడు. ఏదో అన్నాడు. మా అమ్మాయి చెప్పింది, "తినబుద్ధవుతోంది, తుపాకీకి పెట్టను అంటున్నాడమ్మా" అని.

ఆయన టీ కప్పు పట్టుకుంటే ఒలికిపోతుంది కాబట్టి నేను సగమే పోసి ఇచ్చేదాన్ని. అదే చెయ్యి ఆ చెక్క మీద వణికేది కాదు. ఎందుకో నాకు తెలియదు. డాక్టర్లకు తెలుసేమో. ఆ చెక్కకు పట్టు కోసం సన్నగా గీసిన గళ్ళు ఉండేవి, ఒక్కచోట మాత్రం గళ్ళన్నీ అరిగిపోయి నున్నటి గుంట పడి ఉండేది. వాళ్ళ నాన్న బొటనవేలు, ఆ తర్వాత ఈయన బొటనవేలు ఆనీ ఆనీ పడ్డ గుంట. నూనె పెట్టడం అయిపోగానే ఆయన బొటనవేలు వెళ్ళి ఆ గుంటలో కూర్చునేది. మా సన్నికల్లు పొత్రానికి మా అత్తగారి చెయ్యి ఆనిన చోటు ఇలాగే ఉండేది.

నేను ఎదురుగా కూర్చుని వెల్లుల్లి ఒలుచుకునేదాన్ని. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. ఆయన వాన గురించి ఏదో అనేవాడు. "ఆఁ, ఈడ వాన ఎప్పుడు ఆగింది గనక" అని నేను తెలుగులో అనేదాన్ని. ఆయన తల ఊపేవాడు. ఈ దేశం వచ్చాక నన్ను తొందరపెట్టకుండా నాతో కూర్చున్న మనిషి ఆయనొక్కడే. మా అమ్మాయి ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది. అది కూర్చోవడం కాదు.

ఇంత చెప్పాక ఇక రైలు సంగతి.

రైలంటే పట్టాల మీద పోయేది కాదు. నల్లటి లోహపు పట్టీ, బెత్తెడు పొడుగు, పైన దువ్వెనకు మల్లే పళ్ళు. పోస్టులో వచ్చింది. ఆ వచ్చిన అట్టపెట్టెను నేనే విప్పాను, అట్టపెట్టెలు దాచుకుంటాను కాబట్టి.

"ఏందే ఇది, పేలు దువ్వే దువ్వెనా?" అని మా అమ్మాయిని అడిగాను.

"గన్‌కి పెడతారంటమ్మా. రైల్ అంటారు. దాని మీద టార్చ్‌లైట్ బిగించుకోవచ్చంట."

"టార్చిలైటు చేత్తో పట్టుకోడానికి ఏమొచ్చింది?"

"రెండు చేతులూ గన్ మీద ఉంటాయి గదా. సాయంత్రాలు నక్క వస్తోంది, సందులో వాళ్ళ కోళ్ళను ఎత్తుకుపోతోంది. దాన్ని కొడదామని ఈయన ప్లాను."

నాకు నవ్వు రాలేదు గానీ రావాల్సింది. కూరకు కోడి తెస్తే మొహం పక్కకు తిప్పుకుని నా చేతికిచ్చే మనిషి నక్కను కొడతాడట. ఆయన కాల్చినవన్నీ మట్టి బిళ్ళలు. కానీ ఫోనులో వీడియోలు చూశాడు. ఎవరో తెల్లవాళ్ళు గరాజీలో నిలబడి తుపాకీ చెక్కలకు రైళ్ళు బిగిస్తూ, ఇంట్లోనే చేసుకోవచ్చు, చాలా సులువు అని చెబుతుంటే చూశాడు. వాళ్ళ చెక్క వాళ్ళది. వాళ్ళు గాట్లు పెట్టుకుంటారో గుంటలు పెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం.

"దీన్ని దేనికి బిగిస్తాడు?" అన్నాను.

"ఆ కింద చెక్కకు."

"పెద్దాయన నూనె పెట్టే చెక్కకా?"

"ఆఁ, అదే."

"ఎట్టా బిగిస్తాడు, జిగురు పెట్టా?"

"స్క్రూలు వేస్తాడమ్మా. చిన్న చిన్న హోల్స్."

చేతిలో అట్టపెట్టె పక్కన పెట్టేశాను. "వద్దని చెప్పవే మీ ఆయనకు. ఒకరి వస్తువు దాచి పెట్టమని ఇస్తే దానికి చిల్లులు పొడుస్తారా? పెద్దాయనను ఒక మాట అడిగాడా?"

"చెప్తాలే."

ఆ రోజు సాయంత్రం అది చెప్పిన తీరు నేను పొయ్యి దగ్గర నుంచి చెవులారా విన్నాను. "ఏమండీ, ఆ రైల్ గురించి అమ్మకేదో డౌట్ ఉందంట" అంది. డౌటు! నేను గిన్నె విసరలేదు, సొట్టపడితే మళ్ళీ కొనాలి కాబట్టి.

"ఏం డౌటు?" అన్నాడాయన.

"ఏమో, చూసి చెయ్యమంటోంది."

"ఆఁ, చూసే చేస్తా."

మా అమ్మ మాట గేదె మీదుగా పోయినా చెక్కుచెదరకుండా చేరేది. నా మాట కడుపున పుట్టిన కూతురి మీదుగా పోతే నీళ్ళు కలిసి పలచనైపోయింది.

ఆ వారంలోనే ఒక పగలు ఆయనకు ఇంటి నుంచే పని. మా అమ్మాయి పైన గదిలో మీటింగులో ఉంది. నేను పప్పు కుక్కరు ఎక్కించి, కొత్తిమీర కాడలు ఏరుతున్నాను. అల్లుడు వంటింట్లోకి వచ్చాడు. ఒక చేతిలో ఆ చెక్క, ఇంకో చేతిలో డ్రిల్లింగ్ మిషను. చెవుల్లో పాటలు వినే తెల్ల బిళ్ళలు. బల్ల మీద వార్తాపత్రిక పరిచాడు. కింద ఎత్తుకు ఏదో కావాలని అటూ ఇటూ చూసి, అలమర తెరిచి నా చపాతీ పీట తీశాడు. ఊరి నుంచి చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకున్న పీట. దాని మీద ఆ చెక్కను పెట్టి పెన్సిలుతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు.

నేను కుక్కరు వైపు తిరిగాను.

"ఏమమ్మా, నీకు కళ్ళు లేవా? ఎవరి సొమ్ము ఎవరు పాడుచేస్తున్నారు? చూసుకోమని ఇస్తే చూసుకునేది ఇట్టానా? మట్టి పిట్టలు కొట్టేవాళ్ళకు నక్కలెందుకు, నక్కలకు లైట్లెందుకు?"

కుక్కరు కూత వేసింది. అల్లుడు ఒక చెవిలో బిళ్ళ తీశాడు.

"అత్తయ్యగారూ, టీ పెట్టమంటారా? మీక్కూడా కావాలా?"

ఆయనకు నా మాట ఒక్కటీ వినపడలేదు. నేను మెట్ల దగ్గరికి పరుగెత్తాను. మోకాళ్ళ నొప్పితో నేను పరుగెత్తడం అంటే ఏమిటో చూసినవాళ్ళకే తెలుసు. "ఒసే! మీ ఆయనకు చెప్పవే! ఒసే!" అని కేక పెట్టాను. పై నుంచి మా అమ్మాయి తల మాత్రం బయటికి పెట్టి, "అమ్మా, మ్యూట్‌లో లేను!" అని తలుపు వేసుకుంది.

నేను ఇంకా మెట్ల దగ్గర ఉండగానే వంటింట్లోంచి ఆ మిషను మోత వచ్చింది.

నేను వచ్చేసరికి రెండు చిల్లులు అయిపోయాయి. చెక్క అడుగు గుండ్రంగా ఉంటుంది, ఆ పట్టీ బల్లపరుపుగా ఉంటుంది. ఎలా కూర్చుంటుంది? ఒక పక్క లేచి నిలబడింది. స్క్రూలు పొడవై వాటి మొనలు చెక్క లోపలి పక్కకు పొడుచుకు వచ్చాయి. వెళ్ళి ఇనప్పెట్టె తెరిచి గొట్టాలకు పెట్టి చూసి, ఆనడం లేదని గొణుక్కుంటూ తిరిగి వచ్చాడు. పొట్టి స్క్రూలు తీశాడు. కొంచెం పక్కగా జరిపి మళ్ళీ పొడిచాడు. మళ్ళీ పొడిచాడు. ఐదు చిల్లులు. అందులో మూడింటికి స్క్రూలు, రెండు ఉత్తవి. ఒక చిల్లు దగ్గర నుంచి వెంట్రుక మందాన బీట. ఆఖరి చిల్లు ఎక్కడ పడిందో తెలుసా? బొటనవేలి గుంటలో, నట్టనడుమ. ఆ పోటు చెక్కలోంచి దిగి నా పీటలోకి కూడా పోయింది.

వార్తాపత్రిక మీద గోధుమరంగు పొట్టు రాలి ఉంది. అవిసె నూనె వాసన. ఎన్ని ఏళ్ళ నూనో.

"రైల్ కింద కవరైపోతుంది, కనపడదు" అన్నాడు, నాతో కాదు, తనతో తనే.

సాయంత్రం మా అమ్మాయి కిందికి దిగింది. దాని ముందు పీట పెట్టాను.

"ఇది చూడు. ఇది నాది, పోనీ. ఆ చెక్క ఎవరిది? రేపు ఆదివారం ఆయన వచ్చి చెయ్యి చాపితే ఏం పెడతారు ఆ చేతిలో? నక్కను పెడతారా?"

అల్లుడు హాల్లో టీవీ ముందు ఉన్నాడు. ఇది గుమ్మంలో నిలబడి అటు చెప్పింది. "అమ్మ కొంచెం ఫీల్ అయిందండీ."

"పీటకా? కొత్తది కొందాం."

"పీట కాదంట. సండే ఆయన వస్తాడు గదా, ఏం చెప్తారని."

"అదే ఆలోచిస్తున్నా. సర్వీసింగ్‌కి పంపించా అని చెప్తా ఈ వారానికి. ఈలోపు ఆన్‌లైన్‌లో ఇంకో ఫోరెండ్ దొరుకుతుందేమో చూస్తా. సేమ్ మోడల్ దొరికితే ఆయనకు తేడా తెలీదు."

తేడా తెలీదట. తండ్రి వేలు, కొడుకు వేలు అరగదీసిన చోటు ఆన్‌లైన్‌లో దొరుకుతుందట.

అరికాలి మంట నెత్తికెక్కింది. కూతురు గుమ్మంలో అడ్డంగా ఉంది. దాన్ని చేత్తో పక్కకు జరిపి హాల్లోకి పోయి టీవీకీ ఆయనకూ మధ్య నిలబడ్డాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా అల్లుడి కళ్ళలోకి చూసి నేను మాట్లాడిన మొదటి మాటలు ఇవి.

"ఆ చెక్క మీది కాదు."

ఆయన లేచి నిలబడ్డాడు. కంగారు. "అత్తయ్యగారూ... లీగల్‌గా నా పేరు మీదే ఉంది. లైసెన్సు..."

"పేరు మీదే కావచ్చు. ఆ గుంట మీ వేలిదా?"

ఆయన రిమోటు తీసి టీవీ ఆపాడు.

"చూసుకోమని ఇచ్చాడని మీరే చెప్పారు, ఈ ఇంట్లోనే, నా చేతి చారు తింటూ చెప్పారు. చూసుకోవడం అంటే ఇదా? ఆ మనిషికి గ్లాసు పట్టుకునే చెయ్యి లేదు. పట్టుకోగలిగింది అదొక్కటే. దాని మీద పొడిచారు. ఇప్పుడు అబద్ధం చెబుతారా? వేరే చెక్క తెచ్చి ఆయన్ను గుడ్డివాడి కింద జమ కడతారా?"

"అమ్మా!" అంది నా కూతురు.

"నువ్వు మూసుకో. నీ నోట్లో పడితే నా మాట మజ్జిగ అయిపోతోంది." మళ్ళీ ఆయన వైపు తిరిగాను. "ఆదివారం ఆయన వస్తాడు. ఎట్టా ఉందో అట్టాగే, ఆ దువ్వెనతో సహా, మీ చేత్తో తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టండి. నేను సగం టీ పోసి పెడతాను. అంతే."

ఎంత కోపంలోనూ 'మీరు' అనడం మాత్రం వదల్లేదు. వంటింట్లోకి వచ్చి తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. చెయ్యకూడని పని చేశానన్న భయం కాదు, ఆలస్యంగా చేశానన్న మంట.

ఆదివారం పెద్దాయన వచ్చాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, డబ్బా తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. అల్లుడు గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఇస్తూనే మాట్లాడటం మొదలుపెట్టాడు. నక్క అన్నాడు, టార్చి అన్నాడు, లైటు ఎంత దూరం పడుతుందో చేతులు చాపి చూపించాడు. మనిషికి సిగ్గు వేసినప్పుడు మాటలు ఎక్కువ వస్తాయి. పెద్దాయన వింటున్నాడో లేదో. చెక్కను తిప్పి చూశాడు. ఆయన బొటనవేలు తన చోటు వెతుక్కుంటూ వెళ్ళి, అక్కడ ఉన్న లోహానికి తగిలి ఆగింది. ఒకసారి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తగిలింది.

అప్పుడు ఆ చెక్క మీద ఆ చెయ్యి వణకడం నేను మొదటిసారి చూశాను.

"గ్రాండ్" అన్నాడు. "గ్రాండ్, గ్రాండ్." డబ్బా మూత తియ్యలేదు. దాన్ని తిరిగి జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి చూసి వాన గురించి ఒక మాట అన్నాడు. నేను టీ కప్పు ఆయన ముందుకు జరిపాను. టీ తాగకుండానే లేచాడు.

తలుపు వేయగానే నా కూతురు "చూశావా అమ్మా? ఆయన గ్రాండ్ అన్నాడు. నువ్వే లేనిపోని గొడవ చేశావు" అంది.

ఈ పిల్ల చదివిన చదువుకు గోడకు వేలాడే పటాలున్నాయి. నేను మూడో తరగతితో బడి మానేశాను. ఈ దేశంలో వాళ్ళు గ్రాండ్ అంటే ఎప్పుడు బాగుందని, ఎప్పుడు ఇక దీని గురించి మాట్లాడవద్దని, ఆ మాత్రం నాకు తెలుసు. దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, మొహం చూస్తే చాలు. ఆ సగం కప్పు టీ పారబొయ్యకుండా వేడి చేసుకుని తాగాను.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు.

"వర్షం కదా" అన్నాడు అల్లుడు.

"ఈడ వర్షం లేని ఆదివారం ఎప్పుడుందో చెప్పండి" అన్నాను, మొహం మీదే. ఒకసారి గట్టు తెగాక ఇంకా కుక్కరు ఎందుకు? "ఆ దువ్వెన పీకండి. పీకి, ఆ చెక్క తీసుకుని పదండి."

పీకాడు. టార్చి దానికి ఎక్కించనే లేదు. నక్క వస్తూనే ఉంది, పోతూనే ఉంది. ఆ నక్కకు మా ఇంట్లో జరిగిన రాద్ధాంతం తెలిస్తే నవ్వి ఉండేది.

సందులో ఇద్దరం నడిచాం. ఆయన గుడ్డమూట చంకలో పెట్టుకుని ముందు, నేను గొడుగు వేసుకుని వెనక. అల్లుడూ అత్తా కలిసి ఒక దారిన నడవడం మా ఊళ్ళో అయితే జనం వాకిళ్ళలోకి వచ్చి చూసేవాళ్ళు. పెద్దాయన తలుపు తీసి నన్ను చూసి "మిస్సెస్" అన్నాడు, కుర్చీ మీద పిల్లిని లేపి నన్ను కూర్చోమన్నాడు. అల్లుడు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఈసారి మాటలు తక్కువ. "సారీ" అన్న మాట నాకు తెలుసు, అది రెండు సార్లు వినపడింది. మూట విప్పి చాపాడు.

పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. అలాగే అల్లుడి చేతుల్లో ఉండగానే వంగి చూశాడు. ఐదు చిల్లుల్నీ చూశాడు. చిటికెన వేలు ఒకదాంట్లో పెట్టి తీశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. నేనైతే ఆ ఇంటి కప్పు లేచిపోయేలా తిట్టేదాన్ని. వాళ్ళ భాషలో తిట్లు లేక కాదు, ఆయన దగ్గర ఉన్నట్టు లేవు.

తర్వాత అలమర తెరిచాడు. నూనె డబ్బా, దాని మీద మడిచిపెట్టిన గుడ్డపీలిక తీశాడు. అల్లుడికి ఇవ్వలేదు. వచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నా వైపు చూసి ఏదో చెప్పాడు, నెమ్మదిగా, నాకు అర్థం కాదని తెలిసీ పూర్తిగా చెప్పాడు. నేను తల ఊపాను.

దారిలో "ఏమన్నాడు?" అని అడిగాను. అల్లుడు మా గేటు దగ్గరికి వచ్చాక చెప్పాడు.

"ఇక మీరే పట్టించండి అన్నాడు అత్తయ్యగారూ. తన చేతులకు ఇక కుదరదు అన్నాడు."

"చేతులకా?" అన్నాను.

ఆయన గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపలికి వచ్చేశాను.

పెద్దాయన ఇప్పటికీ ఆదివారం చర్చి నుంచి మా ఇంటి ముందు నుంచే నడిచి పోతాడు. కిటికీలో నేను కనిపిస్తే చేతికర్ర మీద నుంచి ఒక వేలు ఎత్తుతాడు, ఇక్కడివాళ్ళు పలకరించే పద్ధతి అది. ఆగడు. మా గేటు వైపు చూడకుండా ఎత్తుతాడు. నేను వెల్లుల్లి ఒలవడం ఆపి చెయ్యి ఎత్తుతాను.

పుట్టీ పెట్టి, రంగు కలిపి, చిల్లులు కనపడకుండా మూస్తానని అల్లుడు అన్నాడు. వద్దన్నాను. ఈ ఇంట్లో నేనున్నంతకాలం అవి కనపడాలి. పీట కూడా పారెయ్యలేదు. చపాతీ ఒత్తినప్పుడల్లా పిండి ఆ చిల్లులోకి పోతుంది. పిన్నీసుతో తీస్తాను, తీసినప్పుడల్లా తిడతాను. "కొత్తది కొంటాం అంటే వినవేంటమ్మా" అంటుంది మా అమ్మాయి. ఒక చిల్లుకు పీట పారేస్తారా?

ఆదివారం ఆయన నడిచి పోయాక, అల్లుడు ఆ చెక్కను గుడ్డలో తెచ్చి బల్ల మీద పెడతాడు. నేను డబ్బా మూత తీస్తాను. చెక్క పీల్చుకునేదానికంటే ఆ చిల్లులు తాగే నూనె ఎక్కువ. పీలిక మొన మెలిపెట్టి ఒక్కో దాంట్లోకీ దించాలి, లేకపోతే తడి దిగి లోపలి నుంచి పుచ్చుతుంది. చెక్క జారిపోతుంది కాబట్టి ఆయన రెండు చివరలా పట్టుకుని నిలబడతాడు.

"నేను రాస్తాను, మీరు కూర్చోండి అత్తయ్యగారూ" అన్నాడు మొన్న.

"మీరు పట్టుకోండి చాలు" అన్నాను.